కంప్రెసర్ పోయిందన్నారా? ఒక్క పావుగంట ఆగండి

మార్చి సగం దాటిందంటే హన్మకొండలో మా షెడ్డు ముందు బండ్లు బారులు తీరుతాయి. చలికాలమంతా ఏసీ బటన్ ముట్టనివాళ్లు మొదటి ఎండ తగలగానే నొక్కుతారు. వేడిగాలి మొహాన కొడుతుంది. ఉన్నపళంగా బయల్దేరి వస్తారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ ఏసీ గోడే ఎక్కువ. "కంప్రెసర్ పోయిందంటున్నారు, నిజమేనా?" అన్న మాట చాలా ఉత్తరాల్లో ఉంది. ఇరవై మూడేళ్లుగా కారు ఏసీలు విప్పి బిగించడమే నా బతుకుదెరువు. పోయిందని చెప్పి పీకేసిన కంప్రెసర్లలో బాగున్నవి నా చేతికి చాలా వచ్చాయి. అందుకే ఈసారి జాగా అంతా ఈ సంగతికే ఇచ్చాను.

ప్రశ్న: మాది 2015 మోడల్ చిన్న కారు. డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. పరకాల నుంచి వచ్చేటప్పుడు దారిలో ఏసీ చల్లగానే ఉంటుంది. వరంగల్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, రెండు నిమిషాల్లో గాలి వేడెక్కుతుంది. మెకానిక్ చూసి కంప్రెసర్ వీకయింది, మారిస్తే పద్దెనిమిది వేలవుతుంది అన్నాడు. అది నిజంగా పాడయిందో లేదో ముందు నేనే చూసుకునే దారి ఏమైనా ఉందా?
- ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఉంది సార్. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా. ఈ లక్షణం కనిపిస్తే నేను మొదట కంప్రెసర్ వైపు చూడను, రేడియేటర్ ముందుండే కండెన్సర్ వైపు, దాని ఫ్యాన్ వైపు చూస్తాను.

ఎందుకో చెబుతాను. డ్యాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్ మీ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడిని మోసుకొచ్చిన గ్యాస్‌ను కంప్రెసర్ లాగి, గట్టిగా నొక్కి, కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ ఆ వేడి బయటి గాలికి పోవాలి. పోతేనే గ్యాస్ మళ్లీ ద్రవంగా మారి, తిరిగి చల్లబరచడానికి పనికొస్తుంది. రోడ్డు మీద అరవైలో వెళ్తుంటే గాలి దానంతట అదే కండెన్సర్‌కు తగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. ఫ్యాన్ తిరగకపోయినా, మందంగా తిరిగినా, కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుపోయినా మీరు రాసిన కష్టమే వస్తుంది.

అయితే నిజంగా వీకయిన కంప్రెసర్ కూడా ఇలాగే చేస్తుంది. బండి ఆగినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, దాంతోపాటే కంప్రెసర్ కూడా. అరిగిపోయినది ఆ వేగంలో గ్యాస్‌ను తోయలేదు. మీ మెకానిక్ అబద్ధం చెప్పాడని నేను అనడం లేదు. ఆ రెండింటినీ వేరు చేసి చూశాడా లేదా అన్నదే ప్రశ్న. మీరే చూసుకోండి.

బండిని నీడలో పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి స్టార్ట్ చేయండి. మెడలో తువ్వాల, చున్నీ, వదులు చేతుల చొక్కా ఉండకూడదు. ఫ్యాన్ రెక్కల దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా అది హఠాత్తుగా తిరుగుతుంది. ఇది రెండుసార్లు చదవండి.

బోనెట్ ఎత్తి, ఇంజిన్ బెల్టు వైపు కిందికి చూస్తే కంప్రెసర్ కనిపిస్తుంది. రెండు అల్యూమినియం పైపులు దానికే బిగించి ఉంటాయి. బెల్టు తిప్పే పుల్లీ ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతుంది. దాని ముందు చిన్న ప్లేటు ఒకటి ఉంటుంది. ఏసీ ఆఫ్‌లో ఉంటే ఆ ప్లేటు కదలదు. ఇప్పుడు లోపల ఎవరినైనా కూర్చోబెట్టి ఏసీ వేయమనండి. 'టక్' మని చప్పుడు వస్తుంది, ప్లేటు పుల్లీకి అతుక్కుని దాంతో పాటు తిరుగుతుంది. ఇంజిన్ చప్పుడు ఒక్క క్షణం బరువెక్కినట్టు వినిపిస్తుంది. అంటే కరెంటు వస్తోంది, ఆ ప్లేటును పుల్లీకి అతికించే ఏసీ క్లచ్ పడుతోంది, కంప్రెసర్ జామ్ కాలేదు. ఇంతవరకు బాగున్నట్టే.

మూడు నాలుగు సెకన్లకోసారి 'టక్, టక్' మని పడి విడిపోతుంటే చాలావరకు గ్యాస్ తక్కువైందని అర్థం. అసలు 'టక్' రాకపోతే కంప్రెసర్ పోయిందని మాత్రం అనుకోకండి. గ్యాస్ పూర్తిగా పోయినప్పుడు ప్రెషర్ స్విచ్ దాన్ని కావాలనే పడనివ్వదు, కాపాడడం కోసమే. ఫ్యూజు పోయి ఉండవచ్చు, క్లచ్‌కు కరెంటు వదిలే రిలే పోయి ఉండవచ్చు. చాలా రోజులు ఆగి ఉన్న బండైతే ఎలుక వైరు కొరికి ఉండవచ్చు. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టి చూడడానికి ఒక్క నిమిషం చాలు.

ఇప్పుడు పైపులు. ఐదు నిమిషాలు ఏసీ నడిచాక కంప్రెసర్‌కు వచ్చే లావు పైపును ముట్టుకోండి. ఎండాకాలంలో కొత్త కుండకు చెమ్మ పట్టినట్టు చల్లగా, తడిగా ఉండాలి. కంప్రెసర్ నుంచి ముందుకు, కండెన్సర్‌కు పోయే సన్న పైపు కాలుతూ ఉండాలి. దాన్ని పట్టుకోకండి, చెయ్యి మండుతుంది. అరచేతి వెనక వైపు దగ్గరగా పెడితే సెగ తెలుస్తుంది. ఒక పైపు అంత చల్లగా, ఇంకోటి అంత వేడిగా ఉందంటే కంప్రెసర్ తన పని తాను చేస్తున్నట్టే. ప్లేటు తిరుగుతున్నా రెండు పైపులూ గోరువెచ్చగా ఉంటేనే అనుమానపడాలి. అప్పుడు కూడా గ్యాస్ తక్కువా, కంప్రెసర్ తప్పా అన్నది గ్యాస్ ఒత్తిడి చూపే మీటరు పెడితే గానీ తేలదు.

మీ బండికి ముఖ్యమైన పరీక్ష ఇక చెబుతున్నాను. ఏసీ నడుస్తుండగా ఒక న్యూస్‌పేపర్ కాగితం తీసుకుని, ముందు గ్రిల్ దగ్గర కండెన్సర్‌కు ఎదురుగా పెట్టండి. ఫ్యాన్ తిరిగేటప్పుడు కాగితాన్ని లోపలికి లాగి అతికించుకోవాలి. జారి కింద పడుతోందంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనిపిస్తున్నా గాలి లాగడం లేదు, లేదా కండెన్సర్ మూసుకుపోయింది. తర్వాత ఒక పెద్ద బాటిల్ నీళ్లు నెమ్మదిగా, కండెన్సర్ మీద మాత్రమే పడేలా పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడితే మీ కంప్రెసర్ బాగున్నట్టే. వేడి బయటికి పోవడం లేదు, అంతే. నీళ్లు పోసినా మార్పు లేక, ఇంజిన్ రేస్ చేస్తే మాత్రం చల్లబడుతోందా? అప్పుడు కంప్రెసర్ మీద అనుమానం నిజమయ్యే అవకాశం ఎక్కువ.

ఈ నీళ్ల బాటిల్ సంగతి నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సొంత షెడ్డు పెట్టిన కొత్తలో, 2005 ఎండాకాలంలో, హసన్‌పర్తి వైపు నుంచి ఒక పెద్ద సారు బండి తెచ్చారు. బడిపంతులు, రిటైరై ఏడాది కూడా కాలేదు. మీరు రాసిన కష్టమే, అక్షరం తేడా లేదు. నేను మీటరు కూడా సరిగా చూడకుండా కంప్రెసర్ మార్చేశాను. సారు మూడు విడతల్లో డబ్బు కట్టారు. చివరి విడత ఇవ్వడానికి వచ్చిన రోజే, "బిడ్డా, ఆగితే మళ్ల వేడే వస్తుంది, జర చూస్తవా" అన్నారు. ఆరోజు బోనెట్ ముందు కూర్చుని ఫ్యాన్ వైపు చాలాసేపు చూశాను. తిరుగుతోంది, కానీ రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. పక్కన బకెట్లో ఉన్న నీళ్లు కండెన్సర్ మీద పోశాను. లోపల కూర్చున్న సారు, "ఆ, ఇప్పుడు చల్లగొస్తుంది" అన్నారు. కొన్ని వందల రూపాయల పని. మజూరీ తిరిగిచ్చాను, ఆ చివరి విడత తీసుకోలేదు. కానీ విప్పేసిన పాత కంప్రెసర్ అప్పటికే తుక్కుకు పోయింది. "పోనీలే బిడ్డా, ఇంకొకరికి ఇట్ల కాకుండ చూడు" అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి మా షెడ్డులో మీటరు పక్కనే నీళ్ల బాటిల్ ఉంటుంది. మా పిల్లలకు మొదట నేర్పేది కూడా అదే.

మీటరు పెట్టించేటప్పుడు పక్కనే నిలబడి అంకెలు చూడండి. నీలం రంగు మీటరు కంప్రెసర్ లాగే వైపు, ఎరుపు మీటరు తోసే వైపు. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం, ఇంజిన్ 1500 ఆర్పీఎంలో ఉంచితే, నీలం సుమారు 35 నుంచి 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఎరుపు 220 నుంచి 280 దాకా ఉండవచ్చు. బండిని బట్టి, ఎండను బట్టి అటూ ఇటూ అవుతుంది. రెండూ బాగా తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ పెరిగి ఎరుపు 300 దాటిపోతుంటే ఫ్యాన్, కండెన్సర్ చూసుకోవాలి, లేదా గ్యాస్ మోతాదు మించింది. నీలం ఉండాల్సిన దానికంటే ఎక్కువ, ఎరుపు తక్కువ ఉండి, అంటే ఒకటి 80, ఇంకోటి 120 అన్నట్టు ఉండి, రేస్ చేసినా ముళ్లు దూరం జరగకపోతే, అప్పుడు కంప్రెసర్ తోయడం లేదని చెప్పవచ్చు. ఆ అంకెలు చూపించి మార్చాలంటే మార్పించండి. అంకెలు చూపించకుండా పద్దెనిమిది వేలు అడిగితే ఇంకో చోట చూపించుకోండి.

ప్రశ్న: మూడేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లో మా కారుకు గ్యాస్ పట్టిస్తున్నాం. వాడితే అయిపోతుంది కదా మేడం, మామూలే అంటున్నారు. ఇలా ఏటా పట్టించడం వల్ల కంప్రెసర్‌కు ఏమైనా అవుతుందా?
- ఒక ఉపాధ్యాయురాలు, హుజూరాబాద్

జవాబు: అమ్మా, మామూలు కాదు. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల గుండా, సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం నిజమే. కానీ ఏడాదికోసారి ఖాళీ అవుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

మీరు అడిగిన రెండో మాట చాలా ముఖ్యం. కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ దానికి అందదు. గ్యాస్ తగ్గితే ఆయిల్ వెనక్కి రావడం తగ్గుతుంది. లీకు దగ్గర గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా పోతుంది. పట్టేవాళ్లు గ్యాస్ పడతారు గానీ ఆయిల్ సంగతి చాలామంది చూడరు. అలా మూడు నాలుగు ఎండాకాలాలు ఆయిల్ లేక ఎండిన కంప్రెసర్ ఒకరోజు బిగుసుకుపోతుంది. నా దగ్గరికి వచ్చిన నిజంగా చచ్చిపోయిన కంప్రెసర్లలో ఎక్కువ భాగం ఇలా చచ్చినవే.

లీకు వెతికించండి. గ్యాస్ పోయేచోట జిడ్డు ఉంటుంది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. పైపుల జాయింట్లు, కండెన్సర్ ముందు భాగం, కంప్రెసర్ పుల్లీ వెనక, గ్యాస్ పట్టే వాల్వుల మూతల కింద చూడమనండి. గ్రానైట్ లారీల వెనక తిరిగే కరీంనగర్ వైపు బండ్లకు రాళ్లు తగిలి కండెన్సర్‌కు చిల్లులు పడ్డవి నేను చాలా అతికించాను. పైన ఎక్కడా దొరకకపోతే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద అనుమానపడాలి. నైట్రోజన్ నింపి, సబ్బు నురుగు పెట్టి చూస్తే చాలావరకు దొరుకుతుంది.

లీకు బాగయ్యాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. గాలి, తేమ రెండూ పోవాలి. మిగిలిన తేమ సన్నటి వాల్వు దగ్గర మంచై అడ్డుపడుతుంది, ఆయిల్‌నూ పాడు చేస్తుంది. ఆ తర్వాత గ్యాస్‌ను తూకం వేసి పట్టాలి. ఎన్ని గ్రాములన్నది చాలా బండ్లలో బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా అర కిలో లోపే.

తూకం ఎందుకని అడుగుతారేమో. వంటగ్యాస్ సిలిండర్ సంగతి మీకు తెలిసిందే. చివరి రోజు దాకా మంట ఒకేలా వస్తుంది, ఎంత మిగిలిందో మంట చూసి చెప్పలేం, ఎత్తి చూడాల్సిందే. ఇదీ అంతే. ఇంజిన్ ఆపి ఉంటే, 35 డిగ్రీల ఎండలో, కారు ఏసీల్లో మామూలుగా పట్టే 134ఏ రకం గ్యాస్ రెండు మీటర్ల మీదా సుమారు 115 పీఎస్ఐ చూపిస్తుంది. నిండుగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. ఇంకో మాట. "జర ఎక్కువనే పట్టన్నా, చల్లగుంటది" అని బతిమాలేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. ఎక్కువ పడితే చల్లదనం తగ్గుతుంది. ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. గ్యాస్‌ను నొక్కగలదు గానీ ద్రవాన్ని నొక్కలేదు, లోపలి వాల్వులు విరుగుతాయి.

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి. ఈ సీజన్ మొదలైనప్పటి నుంచి కారులో ఏసీ వేస్తే తుమ్ములు, దగ్గు. గాలి కూడా సన్నగా వస్తోంది, వచ్చేది మాత్రం చల్లగానే ఉంది. కంప్రెసర్ వీకయిందా?
- ఒక అడ్తిదారు, వరంగల్

జవాబు: వచ్చే గాలి చల్లగా ఉందన్నారు కదా, మీ కంప్రెసర్‌కు ఏమీ కాలేదు. గాలికే దారి లేదు. ఎడమ వైపు గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయించండి. మార్కెట్ నుంచి వచ్చే బండ్ల ఫిల్టర్లు నేను తీస్తుంటాను. పత్తి సీజన్లో తెల్లటి నూగు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, మిర్చి సీజన్లో మడతల సందుల్లో ఎర్రటి పొడి. తేజ కాయ ఘాటు ఆ పొడిలో నెలలైనా పోదు. దాన్ని దులిపి మళ్లీ పెట్టొద్దు, కొత్తది వేయించండి. యార్డులో ఉన్నంతసేపు బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంచండి. మీ బండికి అసలు ఫిల్టరే లేకపోతే (పాత చౌక మోడళ్లలో కొన్నింటికి ఉండదు) ఆ కారం నేరుగా కూలింగ్ కాయిల్ మీద పడి ఉంటుంది. అప్పుడు కాయిల్ కడిగించాలి.

ప్రశ్న: అన్నా, కొత్తగా సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఏసీ బటన్ నొక్కినా 'టక్' మని చప్పుడు రావడం లేదు, ముందు ప్లేటు ఏసీ ఆపినా తిరుగుతూనే ఉంది. క్లచ్ జామ్ అయింది, కంప్రెసర్ మార్చాలంటున్నారు. ఏసీ మాత్రం చల్లగానే వస్తుంది. టెన్షన్‌గా ఉంది.
- ఒక యువకుడు, జగిత్యాల

జవాబు: చల్లగా వస్తుంటే టెన్షన్ పడకు తమ్ముడూ. నీ బండి కంప్రెసర్‌కు క్లచ్ లేకపోయి ఉండవచ్చు. మొదటి జవాబులో నేను చెప్పిన 'టక్' పరీక్ష అన్ని బండ్లకూ పనికిరాదు. కొన్ని మోడళ్లలో పుల్లీతో పాటు కంప్రెసర్ ఇరుసు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. లోపల పిస్టన్లను నడిపే ప్లేటు ఒకటి ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు పెరిగితే పిస్టన్లు ఎక్కువ దూరం కదిలి గ్యాస్‌ను ఎక్కువ తోస్తాయి. ఏసీ ఆపితే ప్లేటు దాదాపు నిటారుగా అయిపోతుంది, ఇరుసు తిరిగినా పంపింగ్ పేరుకే ఉంటుంది. ఆ వాలును ఒక చిన్న కంట్రోల్ వాల్వు కరెంటుతో మారుస్తుంది.

ఇలాంటి దాంట్లో ఎప్పుడైనా చల్లదనం పోతే మొదట ఆ వాల్వును చూడమను. చాలా మోడళ్లలో వాల్వు ఒక్కటే విడిగా దొరుకుతుంది, కంప్రెసర్ మొత్తం మార్చనక్కరలేదు. స్కానర్ పెట్టి వాల్వుకు కరెంటు వెళ్తోందో లేదో చూసేవాళ్ల దగ్గరికే వెళ్లు. అయితే ఒకటి. వాల్వు కొనేముందు ఆ మోడల్‌కు నిజంగా క్లచ్ లేదా అని ఆ కంపెనీ పార్టుల కౌంటర్లో కనుక్కో. క్లచ్ ఉండాల్సిన బండిలో ప్లేటు విడిపోకపోతే అది వేరే జబ్బు, రిలే అతుక్కుపోయినా అలా అవుతుంది.

ఇదే చోట ఇంకో హెచ్చరిక. బ్యాటరీ కార్లు, హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్‌ను కరెంటే నడిపిస్తుంది. నారింజ రంగు వైర్లు కనిపిస్తే అక్కడితో ఆగిపో. వాటిలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. వాటి ఆయిల్ కూడా వేరు, మామూలు కారుకు పోసేది పోయకూడదు.

ప్రశ్న: భూపాలపల్లి దగ్గర ఒకతను వంటగ్యాస్‌తోనే కారు ఏసీ నింపుతున్నాడు, ఖర్చు చాలా తక్కువ, చల్లదనం ఇంకా బాగుందంటున్నారు. పట్టించవచ్చా?

జవాబు: వద్దు. దయచేసి వద్దు. చల్లగా వస్తుందన్నది నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు లోపల, మీ ఇంట్లోవాళ్ల కాళ్ల దగ్గర. అది లీకైతే వంటగ్యాస్ నేరుగా అద్దాలు మూసిన కారులో నిండుతుంది. స్విచ్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. 134ఏ గ్యాస్ అలా మంటలు అంటుకునేది కాదు, కార్లకు దాన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. ఇప్పటికే పట్టించినవాళ్లు ఉంటే బండి వాడకుండా, ఆ మాట దాచకుండా మెకానిక్‌కు చెప్పి, బహిరంగ ప్రదేశంలో తీయించండి. చెప్పకపోతే ఆ గ్యాస్‌ను మెషీన్‌తో లాగే కుర్రాడి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: కొత్త కంప్రెసర్ వేయించి మూడు నెలలు కాలేదు, మళ్లీ జామ్ అయింది. ఈసారి బెల్టు తెగి, బ్యాటరీ లైటు వెలిగి, ఇంజిన్ వేడెక్కి లక్షెట్టిపేట దగ్గర బండి ఆగిపోయింది. నకిలీ పార్టు అంటగట్టారా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: నకిలీ కావచ్చు, కాకపోనూ వచ్చు. నేనైతే ముందు వేరే ప్రశ్న అడుగుతాను. మొదటి కంప్రెసర్ ఎలా పోయింది? అది కూడా జామ్ అయి ఉంటే, మార్చినప్పుడు కండెన్సర్, గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయర్ మార్చారా? బిల్లు తీసి చూడండి. అందులో కంప్రెసర్, గ్యాస్ మాత్రమే ఉంటే జవాబు అక్కడే ఉంది.

జామ్ అయిన కంప్రెసర్ ఊరికే ఆగిపోదు. ఆగేముందు లోపల ఇనుము, అల్యూమినియం రాసుకుని పొడి రాలుతుంది. గ్యాస్‌తో పాటు ఆ పొడి మొత్తం గొట్టాల్లోకి పోతుంది. పోయిన ఏడాది ఇలాంటి బండి ఒకటి మా దగ్గరికి వచ్చింది. కండెన్సర్‌కు వచ్చే పైపు విప్పి, దాని మూతికి తెల్లటి బనియన్ గుడ్డ పెట్టి, అటువైపు నుంచి నైట్రోజన్ కొట్టాను. గుడ్డ మీద బూడిద రంగు ముద్ద పడింది. వేళ్ల మధ్య నలిపితే గరగర. ఎండలో పెట్టి చూస్తే వెండిలా మెరుస్తోంది. బండి యజమాని చేతిలో పెట్టి, "కాకా, మీ పాత కంప్రెసర్ ఇదిగో, కొత్తదాన్ని మింగింది ఇదే" అని చూపించాను. ఆయన ఆ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుపోయారు, ముందు పనిచేసిన చోట చూపిస్తానని.

ఇప్పటి కండెన్సర్లలో దారులు చాలా సన్నం, పక్కపక్కనే చాలా ఉంటాయి. కడిగితే మందు ఖాళీగా ఉన్న దారుల్లోంచే పోయి వచ్చేస్తుంది, పూడిన దారిలో పొడి అలాగే ఉంటుంది. అందుకే కండెన్సర్ కొత్తది వేయాలి. డ్రయర్ కొత్తది వేయాలి (చాలా బండ్లలో అది కండెన్సర్‌కే అతికి ఉంటుంది). కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మార్చాలి. మిగతా పైపులు, కూలింగ్ కాయిల్ విప్పి మందుతో కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టాలి. ఆయిల్ కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన కొలతే పోయాలి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత తీసి రోజుల తరబడి పెట్టిన డబ్బాలోది వద్దని చెప్పండి. ఇంత చేయడానికి ఖర్చు ఎక్కువే. డబ్బు లేదంటే ఏసీ పని కొన్నాళ్లు ఆపుకోమని చెబుతాను గానీ, మూడో కంప్రెసర్ ఒక్కటే వేయించమని మాత్రం చెప్పను.

మీ బండిలో ఆ ఒక్క బెల్టే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ, ఇంజిన్‌ను చల్లబరచే నీళ్ల పంపునూ తిప్పుతుంది, అందుకే బ్యాటరీ లైటు వెలిగింది, ఇంజిన్ వేడెక్కింది. వేడి ముల్లు పైకెక్కాక ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా ఆపి ఉంటే మంచి పని చేశారు. నడిపి ఉంటే హెడ్ గ్యాస్కెట్ కూడా చూపించండి.

ప్రశ్న: గోదావరిఖని నుంచి రాస్తున్నాను. ఏసీ వేసినా, వేయకపోయినా కంప్రెసర్ దగ్గర కరకర శబ్దం. మార్చాల్సిందేనా?

జవాబు: ఏసీ ఆపినా శబ్దం వస్తోందంటే పుల్లీ బేరింగ్ మీద అనుమానం. బొగ్గు దుమ్ములో తిరిగే బండ్లకు ఇది త్వరగా వస్తుంది. బెల్టు తీసేసి, పుల్లీని చేత్తో తిప్పితే గరగరలాడడం తెలిసిపోతుంది. అదే బెల్టు మీదున్న టెన్షనర్, ఆల్టర్నేటర్ పుల్లీలను కూడా తిప్పి చూడమనండి. బేరింగ్ ఒక్కటే మార్చవచ్చు, గ్యాస్ తీయకుండానే చాలా బండ్లలో ఆ పని అవుతుంది. ఆలస్యం మాత్రం చేయకండి. బేరింగ్ పగిలితే క్లచ్ కాయిల్‌ను కూడా తినేస్తుంది. ఏసీ వేసినప్పుడే శబ్దం వచ్చి, ఆపగానే ఆగితే అప్పుడు కంప్రెసర్ లోపల చూడాలి.

ప్రశ్న: జనగామ నుంచి హైదరాబాద్ పోతుంటే మొదటి గంట ఏసీ అద్భుతంగా ఉంటుంది. తర్వాత గాలే రాదు. బ్లోవర్ చప్పుడు వస్తుంది, గాలి మాత్రం ఉండదు. టీ తాగి పావుగంట ఆగి బయల్దేరితే మళ్లీ మామూలే. ఆపినచోట కారు కింద నీళ్ల మడుగు. కంప్రెసర్ ఎందుకు అలసిపోతోంది?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అలసిపోవడం లేదమ్మా, ఆగకుండా పనిచేస్తోంది. కూలింగ్ కాయిల్ మంచు కట్టే దశకు రాగానే కంప్రెసర్ కాసేపు ఆగాలి. ఆ సంగతి చెప్పడానికి కాయిల్ దగ్గర చిన్న సెన్సార్ ఉంటుంది. అది తప్పు చెప్పినా, క్లచ్ విడిపోకపోయినా కాయిల్ మీద చెమ్మ మంచుగా గడ్డకట్టి రెక్కల సందులన్నీ మూసేస్తుంది. ఇక గాలికి దారి ఉండదు. మీరు టీ తాగే లోపు ఆ మంచు కరిగి కింద మడుగవుతుంది. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా, గ్యాస్ కొంచెం తక్కువైనా ఇలా గడ్డకట్టవచ్చు.

ఈసారి గాలి తగ్గగానే ఏసీ బటన్ ఒక్కటే ఆపి, బ్లోవర్‌ను ఫుల్లుగా అలాగే ఉంచి నడపండి. పది నిమిషాల్లో గాలి తిరిగి వస్తే నేను చెప్పినదే. ముందు ఫిల్టర్ చూడండి, ఆ తర్వాత సెన్సార్. గాలి తగ్గే సమయానికి క్లచ్ పడి విడిపోతోందా, లేక పడినది పడినట్టే ఉంటోందా అని బోనెట్ ఎత్తి ఎవరైనా చూడగలిగితే, అదీ మీటరు అంకెలూ రాసి పంపండి. వచ్చే నెల ఇక్కడే చెబుతాను.